హాసెల్ లోయలో దీపం కొండెక్కిన రోజు

ఆ లోయకు వెళ్ళి చూసి రమ్మని నేనెవరికీ చెప్పను. అక్కడ జలపాతం లేదు, మ్యూజియం లేదు, పక్కన నిలబడి ఫొటో దిగడానికి ఊరి పేరు రాసిన బోర్డు కూడా లేదు. కానీ తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా ఊరు ఆష్‌బర్న్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, "పెన్సిల్వేనియా వెళ్ళారట కదా, ఏముందక్కడ?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా అమ్మాయి సాహితి ఇక్కడే పుట్టి పెరిగింది. కిందటేడు ఈథన్ అనే అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఈథన్ నాయనమ్మ లూయీస్ గారికి ఎనభై అయిదు దాటాయి. పెన్సిల్వేనియా వాయవ్య మూల అడవుల్లో, తన ముత్తాత కట్టించిన ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఆ ముత్తాత పేరు యాకోబ్ హాసెల్. జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చి, ఈ దేశంలో భూమిలోంచి చమురు తోడడం అప్పుడప్పుడే మొదలవుతున్న రోజుల్లో ఆ లోయలో బావులు తవ్వి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. చమురు ఎన్నడో అడుగంటింది. ఆయన తవ్విన మొదటి బావిలోంచి మాత్రం గ్యాస్ ఇంకా వస్తోంది. ఇంట్లో పొయ్యి, చలికాలం వేడి, వసారాలో దీపం అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడా గ్యాస్ నేలలో తోవలు చేసుకుని వాగులోకీ, ఇంటి నేలమాళిగలోకీ ఎక్కుతోంది. పాత బావుల్ని మూసే ప్రభుత్వ పథకం కింద దాన్ని సిమెంటుతో నింపేయాలని నిర్ణయమైంది. నింపేముందు యాకోబ్ వెలిగించిన వసారా దీపాన్ని ఆర్పాలి. ఆ రోజుకు ఇంటివాళ్ళు ఎవరైనా దగ్గర ఉండాలని లూయీస్ గారు కబురు చేశారు. ఆవిడ కొడుకు, అంటే మా వియ్యంకుడుగారు, రానన్నారు. కారణం చెప్పకుండా ఫోన్ పెట్టేశారట. ఈథన్ బయల్దేరాడు. ఆరో నెల కడుపుతో ఉన్న సాహితి తనూ వెళ్తానంది. దాన్ని అలా పంపి ఉండలేక నేనూ కారెక్కాను. రాజమండ్రిలో ఉన్న మా అమ్మకు ఫోన్‌లో చెబితే, "మహాలయ పక్షాల్లో కడుపుతో ఉన్న పిల్లను అడవుల్లోకి తీసుకెళ్తావా?" అంది.

చెర్రీ పై దొరికే చోటు

ఉత్తరానికి పోయేకొద్దీ చెట్లకు ఎరుపెక్కుతూ వచ్చింది. మా ఊళ్ళో ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. మధ్యాహ్నం ఒక చిన్న ఊళ్ళో, చెక్క గోడల హోటల్లో ఆగాం. నాకక్కడ పియెరోగీలు నచ్చాయి. బంగాళాదుంప ముద్ద కూరి ఉడికించి, వెన్నలో ఉల్లిపాయతో వేయించిన కుడుములు. పక్కన కాస్త కారప్పొడి ఉంటే మనింటి వంటే. చెర్రీ పై ముక్క ఎంతో పెద్దది, దాని ధరకు ఆష్‌బర్న్‌లో సగం కాఫీ రాదు.

వడ్డించినావిడకు అరవై ఏళ్ళుంటాయి. ఎక్కడికి వెళ్తున్నారని మామూలుగా అడిగింది. హాసెల్ వాళ్ళింటికని ఈథన్ చెప్పగానే కాఫీ పోస్తున్న చెయ్యి ఆగింది. దీపం తీసేస్తున్నారటగా అని మెల్లగా అడిగింది. ఈథన్ ఆ ఇంటి పిల్లాడని తెలిశాక, తన చిన్నప్పటి ముచ్చటొకటి చెప్పింది. సాయంత్రాలు వాళ్ళమ్మ కారు నడుపుతూ ఆ లోయ మొగ దగ్గరికి రాగానే హెడ్‌లైట్లు తగ్గించేదట. ఊళ్ళో అందరూ అంతేనట. ఎందుకని అడిగితే, అక్కడ ముందే ఒక దీపం ఉంది, దాని మీదికి మన దీపం వేయకూడదు అనేదట.

గోదావరి వంతెన మీద బస్సు వెళ్తుంటే జనం కిటికీలోంచి చిల్లర విసరడం నాకు గుర్తొచ్చింది. ఎందుకు విసురుతున్నామో మాకూ తెలీదు. కానీ మేం విసిరేది అడగడానికి. వీళ్ళు లైట్లు తగ్గించేది ఏమీ అడగకుండా, ఎవరికీ కనబడకుండా దాటిపోవడానికనిపించింది.

దారి తప్పిన చోట

అడవిలోకి వచ్చాక ఫోన్‌లో దారి చూపించడం ఆగిపోయింది. ఈథన్ చిన్నప్పుడు ఒక్కసారి వచ్చాడట, అదీ పగలు వచ్చి పగలే వెళ్ళిపోయాడట. గుర్తున్నట్టే ఉందని ఒక మట్టిదారిలోకి తిప్పాడు. కొంతదూరం పోయాక దారికి అడ్డంగా చెట్టు పడి ఉంది. కారు వెనక్కి తిప్పే చోటు వెతుక్కుంటూ దిగాం.

పక్షులు లేవు. ఆకులు నేలమీద మెత్తగా ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా తుప్పు పట్టిన ఇనప గొట్టాలు మోకాలెత్తున లేచి ఉన్నాయి. ఒకప్పుడు ఒక్కొక్కటీ ఒక్కో బావి అని ఈథన్ చెప్పాడు. ఎవరివో తెలీదట, తవ్వినవాళ్ళు వదిలేసి పోయారట. సాహితి ఒక గొట్టం దగ్గర ఆగి, చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమంది.

"అమ్మా, విను. ఇది బ్రీత్ చేస్తుంది."

నేను దగ్గరికి వెళ్ళాను. నిజమే. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా గాలి బయటికొస్తోంది. కాసేపు ఆగి మళ్ళీ వస్తోంది. కిరసనాయిలు వాసన. గొట్టం చుట్టూ గడ్డి మొలవలేదు. సాహితిని చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాను. అది ఎందుకని అడగలేదు.

లూయీస్ గారి ఇల్లు

లోయ అడుగున రెండంతస్తుల చెక్క ఇల్లు. వెనక ఎత్తుగా కొండ, ముందు అడ్డంగా పొదలు. ఇంటికీ కొండకూ మధ్య బావి. బావంటే మన గట్టు బావి కాదు, జానెడు వెడల్పు ఇనప గొట్టం, దాని నుంచి ఇంటికి సన్నటి పైపు. పక్కనే బావి మూసేవాళ్ళ లారీ, మట్టి తవ్వే యంత్రం అప్పటికే వచ్చి ఉన్నాయి. వసారాలో ఇనప కొక్కేనికి అద్దాల దీపం. ఎండ ఇంకా ఉండగానే వెలుగుతోంది. కొండ మీంచి గాలి దిగి ఇంటి వైపు వీస్తోంది, అయినా మంట గాలికి ఎదురుగా, బావి వైపు వాలి ఉంది. అద్దం లోపల గాలి తిరుగుడు అలా ఉంటుందని ఈథన్ అన్నాడు. అయ్యుండొచ్చు.

లూయీస్ గారు పొడుగ్గా, కర్రలా నిటారుగా ఉన్నారు. అల్లుడి నాయనమ్మను ఏమని పిలవాలో మన వరసల్లో చటుక్కున తట్టదు. అమ్మమ్మగారూ అన్నాను. అర్థం అడిగి తెలుసుకుని, ఆ మాటను రెండు మూడుసార్లు పలికి చూసుకున్నారు. సాహితి కడుపు మీద చెయ్యి వేయబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే తెలిసింది, అక్కడ నిశ్శబ్దమనేది లేదు. గోడల్లోంచి, పొయ్యిలోంచి, నేల కిందనుంచి సన్నగా బుస. మా ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ల పక్కన ఉండేవాళ్ళకు ఆ యంత్రాల హోరు అలవాటై వినబడదంటారు. ఇది అలాంటి హోరు కాదు. ఉండుండి తగ్గుతుంది, ఏదో మాట పూర్తి చేసినట్టు. చలి మొదలైనా కిటికీలన్నీ ఒక వేలు సందున తెరిచి ఉంచారు. గ్యాస్ నిలవుండకుండా అలా చేయమని బావి మూసే బృందం పెద్ద డేల్ చెప్పి వెళ్ళాడట.

నేను తీసుకెళ్ళిన పులిహోర ఆవిడ మొహం చిట్లించుకుంటూ తిని, మళ్ళీ వడ్డించుకున్నారు. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. మంట ఒక్కసారి ఎగసి మళ్ళీ తగ్గింది. ఆవిడ తల తిప్పకుండానే, "వచ్చారులే, మథియాస్. మనవాళ్ళే" అన్నారు. ఇంట్లో మరో మనిషికి చెప్పినట్టే అన్నారు. సాహితి నా వైపు చూసింది.

మథియాస్ ఎవరో భోజనాలయ్యాక ఆవిడే చెప్పారు.

యాకోబ్ ఒంటరిగా రాలేదు. తమ్ముడు మథియాస్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. యంత్రాలు కొనే శక్తి లేక అన్నదమ్ములిద్దరూ మొదట చేత్తోనే గొయ్యి తవ్వారు. తమ్ముడు నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగేవాడు, అన్న పైన గిలక తిప్పేవాడు. ఒకరోజు లోపల గ్యాస్ కమ్మింది. అన్న పైకి లాగుతుంటే మధ్యలో తాడు తెగింది. మథియాస్ అక్కడే ఉండిపోయాడు. దిగి తీసేందుకు ఎవరికీ ధైర్యం చాలలేదు. కొన్నాళ్ళకు యాకోబ్ ఆ గొయ్యి పూడ్చి, దాని మీంచే గొట్టం దింపాడు. చమురు పడింది. ఆ డబ్బుతోనే ఇల్లు, మిగతా బావులు, పేరు. మొదటి గ్యాస్ ఇంటికి రాగానే వసారాలో దీపం వెలిగించి, హాసెల్ రక్తమున్న చెయ్యి దీన్ని ఆర్పకూడదని పిల్లల చేత ప్రమాణం చేయించాడు.

"మా నాన్న ఒక్కసారి ఆర్పాడు," అన్నారు లూయీస్ గారు. "పైపు బాగుచేయాలని. నాకప్పుడు ఆరేళ్ళు. ఆ వారమే మా అన్నయ్య వాగులో పోయాడు. మోకాలు లోతు నీళ్ళలో."

 గోడలోని బుస కాస్త తగ్గి మళ్ళీ అందుకుంది.

మర్నాడు పొద్దున

డేల్ పొద్దున్నే వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఇంటి గ్యాస్ లైను కట్టేస్తే తను పని మొదలుపెడతానన్నాడు. వసారా కింద ఇత్తడి వాల్వ్ ఉంది, దాన్ని తిప్పాలి. కావాలంటే తనే తిప్పుతానన్నాడు. లూయీస్ గారు వద్దన్నారు. దారినపోయే మనిషి చేత ఆ పని చేయించలేననీ, తను చేయలేననీ, ఈథన్ చేయకూడదనీ అన్నారు.

కంప్యూటర్ కోడ్ తప్ప దేన్నీ నమ్మనని నవ్వే మా అల్లుడు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఆ పిల్లాణ్ణి నేనెప్పుడూ అలా చూడలేదు. సాహితి పరాయి ఇంటి పిల్లే, కానీ దాని కడుపులో ఉన్నది ఆ రక్తమే. ఆవిడ చూపు నా మీద ఆగింది.

"మీరు మా మనిషే, కానీ మా రక్తం కాదు," అన్నారు. "అడగకూడదని తెలుసు. అడుగుతున్నాను."

సాహితి నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "నువ్వు చెయ్యాలి అని లేదు అమ్మా. ఆమె బ్యాడ్ ఫీల్ అవుతుంది, అంతే. డేల్ చేస్తాడు."

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. అది లూయీస్ గారి భయం కాదు, నాదే. మా ఇంట్లో చేత్తో దీపం ఆర్పినవాళ్ళు లేరు. దీపం ఆరిపోయిందని నోటితో అనడం కూడా మా అమ్మ ఒప్పుకోదు, కొండెక్కింది అనాలి. అలాంటిది కడుపుతో ఉన్న కూతురి ఎదుట, ఎవరిదో పితృదీపం నా చేత్తో ఆర్పడమా? కాదనేస్తే సరిపోయేది. కానీ ఆవిడ వసారా మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేను ఏమంటే దానికి సిద్ధంగా ఉన్నారు. ఆ ఇంట్లో ఎనభై ఏళ్ళుగా భయపడుతూ బతికిన మనిషి.

ఒక సాసరు, వంట నూనె అడిగాను. దూది కోసం వెతికితే ఆవిడ మందు సీసాలో మూత కింద కొంచెం దొరికింది. దాన్ని అరచేతిలో రాసి ఒత్తి చేశాను. నూనెలో తడిపి సాసరులో పెట్టి, వసారా దీపం అద్దం తెరిచి, ఎండు పుల్లతో ఆ మంట అందుకుని ఒత్తి వెలిగించాను. ఎవరికీ వివరించలేదు, నాకు నేనే చెప్పుకున్నాను. దీన్ని నేను ఆర్పడం లేదు, చోటు మారుస్తున్నాను. నూనె ఉన్నంతసేపు ఉంటుంది, తర్వాత దానంతటదే వెళ్తుంది.

సాసరును గాలి తగలకుండా గోడ మూలన పెట్టి, దణ్ణం పెట్టుకుని, వంగి వాల్వ్ పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. మొదట కదల్లేదు. రెండు చేతులతో తిప్పాను. పైన మంట పసుపు నుంచి నీలానికి మారి, బావి వైపు సాగి, చిన్నదై, లేకుండా పోయింది.

దానితోపాటు బుస ఆగింది. గోడల్లోంచి, నేల కిందనుంచి అంతా ఒక్కసారే. చెవులు మూసుకుపోయినట్టయింది.  అప్పుడు ఆ నిశ్శబ్దంలోంచి వేరే చప్పుడు వినబడింది. చాలామంది తగ్గు గొంతుతో గబగబా మాట్లాడుకుంటున్నట్టు.

లూయీస్ గారు లేచి నిలబడ్డారు.  "ఎవరు మాట్లాడుతున్నారు?" అన్నారు.

 ఈథన్ పొదల వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. అది వాగు అన్నాడు. పొదల అవతల రాళ్ళ మీద నీళ్ళు. ఆ ఇంట్లో పుట్టి, అక్కడే ముసలిదైన మనిషి, గుమ్మంలో నిలబడి వాగు చప్పుడు వినడం, ఆరేళ్ళప్పటి తర్వాత, అదే మొదటిసారి. ఆవిడ అలా వింటూ చాలాసేపు నిలబడ్డారు. ఆ వాగులోనే కదా అన్న పోయింది.

గొయ్యి

కాసేపటికి సాహితి వచ్చి నా పక్కన కూర్చుంది. చిన్నప్పుడు జ్వరం వస్తే కూర్చున్నట్టే కూర్చుంది.

"అమ్మా, బేబీ మార్నింగ్ నుంచి మూవ్ అవ్వలేదు."

వాల్వ్ తిప్పిన అరచేతులు చల్లబడిపోయాయి. పైకి మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. నారింజ రసం తాగించి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఈథన్ కారు తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కదలకపోతే పట్నం ఆస్పత్రికి బయల్దేరాలనుకున్నాం. లూయీస్ గారు గదిలోకి రాలేదు. వంటింట్లో కుర్చీ వేసుకుని మాకు వీపు పెట్టి కూర్చున్నారు. నేను ఏ దేవుడికి ఏమని మొక్కానో నాకే గుర్తులేదు. సాహితి ఒక్కసారి నా చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. లోపలినుంచి కాలు గట్టిగానే తగిలింది. ఈథన్ గోడకు జారబడి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

ఈ సంగతి వంటింట్లో చెప్పడానికి నేను వెళ్ళేసరికి డేల్ వెనక గుమ్మంలో ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సిమెంటు దింపడానికి ముందు గొట్టం చుట్టూ తవ్వుతుంటే పాత గొయ్యి తాలూకు చెక్కలు బయటపడ్డాయట. ఇంకా కిందికి తవ్వడం కుదరదు, మట్టి జారుతోంది, గ్యాస్ ఉంది. అంతవరకు దొరికినదాన్ని మాత్రం మీకు చూపించకుండా పూడ్చబుద్ధి కాలేదన్నాడు. దాన్ని ఒక పలక మీద పెట్టి తెచ్చాడు.

అది తాడు. జనపనారది, బొటనవేలంత లావు. చమురులో నానీ నానీ నల్లగా, మెత్తగా, చెక్కుచెదరకుండా ఉంది. ఒక కొస గిలక చెక్కకు ముడివేసి ఉంది, ఆ చెక్క ముక్కతోనే వచ్చింది. గొయ్యి పూడ్చేటప్పుడు గిలకనూ అందులోకే తోసేసినట్టున్నారు.

లూయీస్ గారు రెండో కొస చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పారు. ఆవిడ ఆవుల్నీ గుర్రాల్నీ కట్టి పెరిగిన మనిషి. మేము అది చూస్తున్నామే గానీ ఏం చూడాలో తెలీలేదు.

"తెగిన తాడు చీపురులా విచ్చుకుంటుంది," అన్నారు ఆవిడ. కొసను మా వైపు పట్టారు. పీచులన్నీ ఒకే వాలులో, ఒకే చోట ఆగిపోయి ఉన్నాయి. "ఇది తెగలేదు. కోశారు."

 గొయ్యి పైన ఉన్నది ఒక్క యాకోబే. ఈథన్ మెల్లగా అన్నాడు, తమ్ముడి బరువుకు తనూ లోపలికి లాగబడుతుంటే ఇంక దారి లేక కోశాడేమో అని.

"అయ్యుండొచ్చు," అన్నారు లూయీస్ గారు. "లేకపోతే ఆ చమురు తనకొక్కడికే కావాలనుకున్నాడేమో. రెంటిలో ఏదైనా మనం ఆ కత్తి పట్టిన చేతి పిల్లలమే."

ఆ మాటకు ఈథన్ లోపల పడుకున్న సాహితి వైపు చూశాడు.

నేనేమీ ఓదార్చలేదు. నాకు తెలిసింది ఒకటి చెప్పాను. మా చిన్నాన్న గోదావరి వరదలో పడవతో పాటు పోయాడు. ఎంత వెతికినా దేహం దొరకలేదు. దొరకనప్పుడు మాలో దర్భలతో మనిషి ఆకారం కట్టి, ఆ మనిషికి చేయవలసినవన్నీ దానికి చేసి దహనం చేస్తారు. మా తాతయ్య అలాగే చేయించాడు.

"గడ్డితోనా?" అని అడిగారు ఆవిడ.

"గడ్డితోనే."

"మీ వాళ్ళు దాన్ని చూసి ఏడ్చారా?"

"పేరు పెట్టి పిలిచి ఏడ్చారు."

ఆవిడ తాడును మళ్ళీ పలక మీద పెట్టి, ఒళ్ళో ఉన్న తువ్వాలు తీసి దానిమీద కప్పారు.

ఇంట్లో వేడి లేదు కాబట్టి సాయంత్రం అందరం ఊళ్ళోని మోటెల్‌కు బయల్దేరాం. అప్పటికి గోడ మూలన సాసరులో నూనె అయిపోయి ఒత్తి కొండెక్కింది. లూయీస్ గారు ముందు సీట్లో కూర్చున్నారు. లోయ మొగ దాటుతుంటే ఈథన్ హెడ్‌లైట్లు తగ్గించాడు. అక్కడ ఏ దీపమూ లేదు. 

కొండ మీద

ఆ ఊరి చర్చి శ్మశానం కొండ మీద ఉంది. మన శ్మశానాల్లా ఊరవతల కాదు, ఊళ్ళో ప్రతి ఇంటి కిటికీకీ కనబడుతుంది. గడ్డి కత్తిరించి, పూలు పెట్టి, పార్కులా ఉంచుతారు. వాళ్ళ చచ్చిపోయినవాళ్ళు వాళ్ళకు పక్కింటివాళ్ళు. అన్నిటికన్నా ఎత్తైన రాయి యాకోబ్‌ది. దానిమీద పేరు, కింద చమురు బావి మీద నిలబెట్టే చెక్క గోపురం బొమ్మ. మథియాస్‌కు ఎక్కడా రాయి లేదు. పేరు కూడా లేదు.

చర్చి పాస్టర్‌తో ఆవిడ తాడును అక్కడ పూడ్చే సంగతి మర్నాడు పొద్దున్నే మాట్లాడుకున్నారు. ఆయన కాదనలేదు. మంత్రాలు, ప్రార్థనలు ఏమీ వద్దన్నారట ఆవిడ. ఎవరూ పిలవకపోయినా డేల్ పార తీసుకుని వచ్చాడు. బావిలోకి సిమెంటు దింపడం అయిపోయిందనీ, మొత్తం లోపలికి వెళ్ళేదాకా పక్కనే నిలబడ్డాననీ చెప్పాడు. అతనూ ఈథనూ కలిసి యాకోబ్ రాయి పక్కన తవ్వారు. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ, అలాగే కావాలన్నారు లూయీస్ గారు. లోతుకు పోయేకొద్దీ మట్టి నల్లబడుతూ వచ్చి, చివరికి ఆ కిరసనాయిలు వాసనే కొట్టింది. అంత ఎత్తున కొండ మీద. డేల్ పార ఆపి ఒకసారి వాసన చూసి, మళ్ళీ తవ్వాడు.

గొయ్యి సిద్ధమయ్యాక ఈథన్ తాడును చుట్టగా చుట్టి, రెండు చేతులతో ఎత్తి, లోపల వేయడానికి వంగాడు.

"వేయకు," అన్నారు లూయీస్ గారు. "దింపు."

అతనికి అర్థం కాలేదు. ఆవిడ వచ్చి చుట్ట విప్పించారు. కోసిన కొసను తను తీసుకుని, ముందు అదే లోపలికి జారనిచ్చారు. మిగతా తాడు ఈథన్ చేతుల్లో పెట్టారు. తన చేతులు అతని చేతుల వెనక, సాహితివి ఆవిడ వెనక. నన్ను చూసి తల ఊపితే నేనూ వెళ్ళి చివర పట్టుకున్నాను. డేల్ దూరంగా జరిగాడు.

"మథియాస్," అని పిలిచారు ఆవిడ, గొయ్యి మీదికి వంగి. పొయ్యి దగ్గర మాట్లాడిన గొంతు కాదది. "కోసింది యాకోబ్. మాకు నిన్ననే తెలిసింది. ఇప్పుడు మేము పట్టుకున్నాం."

తాడు బరువుగా ఉంది, జిడ్డుకు జారిపోతోంది. జారకుండా కొంచెం కొంచెంగా వదలాలి. ఈథన్ కాళ్ళు ఎడంగా పెట్టి, వెనక్కి వాలి నిలబడ్డాడు, అవతల నిజంగా మనిషి ఉన్నట్టు. ఒక్క పీచు కూడా గట్టుకు గీసుకోకుండా, చేతి మీద చెయ్యి మారుస్తూ దింపాడు. మధ్యలో ఒక్కచోట తాడు చటుక్కున బిగిసింది. రాయికి తగులుకుందేమో. మా నలుగురి చేతుల్లోనూ ఆ లాగుడు తెలిసింది. ఎవరం వదల్లేదు. కాసేపటికి అదే వదులైంది. మళ్ళీ దింపాం.

కొస అడుగు తాకినట్టు తెలిసింది. బరువు తగ్గింది. సాహితి చేతులు తీసేసింది, నేనూ తీసేశాను, లూయీస్ గారూ తీసేశారు. ఈథన్ మాత్రం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. కళ్ళు గొయ్యిలోంచి తీయలేదు.

లూయీస్ గారు అతని వీపు మీద చెయ్యి వేశారు. "చేరాడు," అన్నారు. "ఇప్పుడు వదులు నాన్నా."